ట్యాప్ టెస్టు నాడు మేం చేసిన సాయం

ఆ రోజు మా ఆయన అమీర్‌పేటలో రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. మైత్రివనం ఎదురుగా, మిట్టమధ్యాహ్నం. కూరగాయల సంచీ నా చేతిలో ఉంది, ఖాళీ నూనె డబ్బా ఆయన చేతిలో ఉంది. నేను డివైడర్ దాటి పక్కన మనిషి లేడని వెనక్కి తిరిగి చూశాను. బస్సు వచ్చే దారిలో నిలబడి తన కాళ్ల వంక చూసుకుంటున్నాడు.

"ఏందయ్యా, రా" అని కేకేశాను.

"కాళ్లు లేస్తలేవు" అన్నాడు.

భయంగా అనలేదు. ఇవాళ నీళ్లు వస్తలేవు అన్నట్టు అన్నాడు. బస్సు డ్రైవరు బ్రేకు కొట్టి, తల బయటికి పెట్టి తిట్టబోయి, మా ఆయన్ని గుర్తుపట్టి నోరు మూసుకున్నాడు. నేను వెళ్లి మోచెయ్యి పట్టుకుని లాగితే పాదాలు తారుకు రాసుకుంటూ వచ్చాడు. ఇవతలికి వచ్చాక నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మొండికేశాడనుకున్నాను. ఆ గుణం ఆయనకు మొదటి నుంచీ ఉంది కాబట్టి వేరే అనుమానం రాలేదు.

ఆయన పేరు యాదగిరి. జీవితమంతా సిటీ బస్సు నడిపి అప్పటికి ఈమధ్యే రిటైరయ్యాడు. అమీర్‌పేట గల్లీలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం ఏయే జిల్లాల నుంచో పిల్లలు బస్సులకు బస్సులు దిగుతున్న కాలం అది. హాస్టల్ గదుల్లో అన్నం వండుకుని కూర మాత్రం మా దగ్గర కొనుక్కునేవాళ్లు. నేను వండేదాన్ని, ఆయన కవర్లలో పోసి దారం చుట్టి ఇచ్చేవాడు. మా అమ్మాయి స్వప్న కూడా ఆ గల్లీలోనే టెస్టింగ్ కోర్సు నేర్చుకుని మాదాపూర్‌లో ఉద్యోగానికి పోతోంది. ఇదీ మా సంసారం.

మొదట మోకాళ్లనుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎక్స్‌రే తీసి, "వయసుతో వచ్చే అరుగుదలే" అని బిళ్లలు రాశాడు. నడుముకు బెల్టు పెట్టుకోమన్నాడు. బెల్టు పెట్టుకున్నాక నడక అలాగే ఉంది, చెమటకాయలు మాత్రం కొత్తగా వచ్చాయి.

ఆ తర్వాత బకెట్లో తడిసిన లుంగీలు కనపడడం మొదలైంది. ఆయన ఎవరికీ చెప్పకుండా తానే పిండి ఆరేస్తున్నాడు. అడిగితే స్నానం చేసేటప్పుడు తడిసిందన్నాడు. షుగర్ ఎక్కువైందేమో అనుకున్నాను, పరీక్ష చేయిస్తే అదుపులోనే ఉంది. యూరిన్ డాక్టరు ప్రోస్టేట్ అని ఇంకో రకం బిళ్లలిచ్చాడు. అర్జెంటుగా వస్తుంది, కాళ్లు కదలవు, బాత్‌రూమ్ గడప దగ్గరికి చేరేసరికి అయిపోతుంది. ఆ గడప దగ్గర నిలబడి ఆయన నా వైపు చూడకుండా ఉండడం నాకు ఇప్పటికీ కళ్లల్లో ఉంది.

మూడోది మతి. అది చాలా మెల్లగా వచ్చింది. వంకాయ అడిగిన పిల్లాడికి పప్పుచారు కట్టి ఇచ్చేవాడు. పిల్లలు నవ్వి మార్చుకుని పోయేవాళ్లు. నేను దిగులుపడింది దానికి కాదు. ఈయన పెళ్లయిన నాటి నుంచీ నా వంటకు వంక పెట్టని రోజు లేదు. అలాంటి మనిషి నోరు మెదపకుండా తిని లేస్తున్నాడు. ఉప్పు వెయ్యడం మరిచిపోయిన కూర కూడా తిన్నాడు. ఏ ఆడదైనా సంతోషించాల్సిన విషయానికి నేను భయపడ్డాను. చుట్టుపక్కల వాళ్లకు చెబితే, "రిటైరైనంక మగోళ్లందరూ గట్లనే అయితరు పద్మక్కా" అని తేల్చేశారు.

ఒక ఇంట్లో మూడు పంచాయితీలు ఉన్నట్టు, కాళ్లకు ఒక డాక్టరు, మూత్రానికి ఒక డాక్టరు, మతికి నిద్రబిళ్ల ఇచ్చే ఇంకో డాక్టరు. ఎవరి బిళ్లలు వాళ్లవి. ఏడాది దాకా ఇలాగే తిరిగాం. చివరికి స్వప్న తన ఆఫీసులో ఎవరినో కనుక్కుని పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో న్యూరాలజిస్టుకు చూపించింది. ఆ డాక్టరమ్మ ఆయన్ని పరీక్ష చేసే బల్ల ఎక్కించలేదు. గదిలో ఇటు నుంచి అటు నడవమంది, అంతే. ఆయన కాళ్లు ఎడంగా పెట్టి, పాదాలు నేలకు అతుక్కున్నట్టు చిన్న చిన్న అడుగులతో వెళ్లాడు. తిరగాల్సిన చోట అక్కడక్కడే తొక్కుకుంటూ చాలాసేపు తీసుకున్నాడు.

"మూత్రం ఆపుకోలేకపోతున్నారా?" అని ఆమె నన్ను అడిగింది. మేం ఇంకా ఆ సంగతి చెప్పనే లేదు.

"ఇవి మూడు జబ్బులు కావమ్మా, ఒకటే అయ్యుండొచ్చు" అంది.

ఎమ్మారైలో మెదడు లోపల నీళ్లుండే గదులు, వెంట్రికల్స్ అంటారు, బాగా ఉబ్బి కనిపించాయి. జబ్బు పేరు నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్. ఎన్.పి.హెచ్. అంటారు. ఈ పేరుతో మాకు ఒక తమాషా జరిగింది. రిపోర్టులో ఏముందని అడిగిన చుట్టాలకు నేను ఫోనులో "నార్మల్ ప్రెషర్" అని చదివి వినిపించాను. అందరూ దేవుడి దయ అన్నారు. మా ఆడబిడ్డయితే కొబ్బరికాయ కూడా కొట్టేసింది. ప్రెషర్ నార్మల్ అయితే మరి ఆపరేషన్ మాటెందుకు వచ్చిందో వాళ్లకూ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

అర్థమయ్యేటట్టు చెప్పింది న్యూరోసర్జన్. కోస్తా వైపు మనిషి, నిదానంగా మాట్లాడతాడు. మెదడులో నీరు రోజూ ఊరుతుంది, రోజూ ఇంకుతుంది, ఈయనకు ఇంకడం మందగించింది అన్నాడు. సూదితో కొలిస్తే ప్రెషర్ మామూలుగానే ఉంటుంది కానీ ఆ ఉబ్బు పక్కనున్న నరాలను సాగదీస్తుందట. తల నుంచి చర్మం కింద సన్నటి గొట్టం వేసి, ఎక్కువైన నీటిని పొట్టలోకి దింపడమే వైద్యం. దాన్ని వి.పి. షంట్ అంటారు.

"చేస్తే బాగవుతాడా సార్?" అని అడిగాను.

"అమ్మా, ఆపరేషన్ చెయ్యడం పెద్ద కష్టం కాదండి. ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పడమే కష్టం. కొందరు లేచి తిరుగుతారు. కొందరికి ఏమీ మారదు. కొందరికి రక్తం చేరడం, ఇన్ఫెక్షన్ లాంటి కొత్త తలనొప్పి వస్తుంది. మీ ఆయన ఏ వరసలో ఉంటారో తెలుసుకోవడానికే ముందు ట్యాప్ టెస్ట్ చేస్తాం" అన్నాడు.

ట్యాప్ టెస్ట్ అంటే వెన్నులో సూది గుచ్చి కొంత నీరు తీస్తారు. తియ్యకముందు మనిషిని నడిపించి చూస్తారు, తీశాక మళ్లీ నడిపించి చూస్తారు. నడక బాగుపడితే షంట్ వేసినా బాగుపడతాడని ఆశ పెట్టుకోవచ్చు. నాకు ఇది న్యాయంగానే అనిపించింది. గొట్టం వెయ్యకముందే దాని ఫలితం ఒక పూట చూపిస్తారన్నమాట.

ఇక్కడ యూసుఫ్ అన్న గురించి చెప్పాలి. మా ఆయన బస్సు మీద ఎక్కువ కాలం చేసిన కండక్టర్ ఆయనే. ఎర్రగడ్డలో ఉంటాడు. డ్యూటీలు అయిపోయినా దోస్తీ అయిపోలేదు. రోజూ సాయంత్రం మా కర్రీ పాయింట్ ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మా ఆయన మాట్లాడడం తగ్గించాక కూడా రావడం మానలేదు, ఇద్దరి మాటలూ తానే మాట్లాడేవాడు. టెస్టు రోజు వస్తానని తనే అన్నాడు. స్వప్నకు సెలవు దొరకలేదు కాబట్టి నాకు కొండంత ధైర్యం వచ్చింది.

అది శుక్రవారం. వార్డు బయట పొడుగాటి వరండాలో ఫిజియోథెరపీ అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడింది. యూసుఫ్ అన్న అవతలి కొసన నిలబడి, "రా భాయ్, నా దిక్కు రా" అన్నాడు. నేను ఇవతల బెంచీ మీద కూర్చుని దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాను. మా ఆయన బయలుదేరాడు, ఆగాడు, మళ్లీ కదిలాడు, తిరిగాడు, వచ్చాడు. ఇంట్లో కంటే బాగానే నడిచాడు. ఆస్పత్రిలో నలుగురి ముందూ పరువు కాపాడుకున్నాడనుకుని నాకు లోపల గర్వంగా కూడా ఉంది.

తర్వాత లోపలికి తీసుకెళ్లి నీరు తీశారు. కాసేపు పడుకోబెట్టారు. యూసుఫ్ అన్న జుమా నమాజుకు వెళ్లాడు. ఆయన వచ్చే లోపలే మా ఆయన్ని మళ్లీ నడిపించారు. వెళ్లాడు, వచ్చాడు. పొద్దుటికీ ఇప్పటికీ నా కళ్లకు తేడా కనపడలేదు. స్టాప్‌వాచ్‌కూ కనపడలేదు.

"పెద్దగా రెస్పాన్స్ లేదమ్మా" అన్నాడు సర్జన్. "ఈ టెస్టు పాసైతే నమ్మకంగా ముందుకు వెళ్తాం. ఫెయిలైనంత మాత్రాన షంట్ పనికిరాదని కాదు, అలాంటి వాళ్లలోనూ కొందరు బాగుపడతారు. కానీ వీరి వయసూ, షుగరూ చూస్తే రిస్కు తీసుకోమని నేను గట్టిగా చెప్పలేను. కొన్నాళ్లు చూద్దాం."

కొన్నాళ్లు చూద్దాం అంటే ఏం చూడాలో నాకు తెలుసు. నడిచే మనిషి కర్ర పట్టుకోవడం, కర్ర పట్టుకున్న మనిషి మంచం పట్టడం. అయినా నిజం రాయాలి కదా, ఆ మాట వినగానే ఒక మూల నాకు హమ్మయ్య అనిపించింది. తలకు రంధ్రం పెట్టే పని తప్పింది. ఆ హమ్మయ్య ఆటోలో అమీర్‌పేట వచ్చేలోపే ఆరిపోయింది. పక్కన కూర్చున్న ఆయన నా కొంగు కొస పట్టుకుని ఉన్నాడు, ఎందుకు పట్టుకున్నాడో ఆయనకే తెలియదు.

నాలుగు రోజుల తర్వాత అనుకుంటా, సాయంత్రం నేను పొయ్యి దగ్గర ఉన్నాను. స్వప్న అప్పుడే ఆఫీసు నుంచి వచ్చింది. మా ఆయన బాత్‌రూమ్ గడప దగ్గర ఇరుక్కుపోయాడు. నేను చేతులు కడుక్కుని వెళ్లేలోపే యూసుఫ్ అన్న తలుపు మీద రెండుసార్లు దబదబ కొట్టి, "రైట్, రైట్" అన్నాడు. మా ఆయన పాదం లేచింది. గడప దాటి లోపలికి పోయాడు.

సిటీ బస్సు ఎక్కినవాళ్లకు తెలుసు. కండక్టరు రేకు మీద రెండు దెబ్బలు కొట్టి రైట్ రైట్ అంటే బండి కదలాలి, హోల్డాన్ అంటే ఆగాలి. ఇన్నేళ్లు ఆ మాట మీదే ఆయన కాలు పెడల్ మీద పడింది.

స్వప్న చెప్పులు కూడా విప్పలేదు. అలాగే నిలబడి, "అంకుల్, హాస్పిటల్ల సుత గిట్లనే అన్నవా?" అని అడిగింది.

"అన్న బేటీ. ఆగినప్పుడల్ల అన్న. గోడ మీద జర తట్టిన. పరేషాన్ అయితుండు గదా అని."

"నీళ్లు తీసినంక?"

"అప్పుడు నేను మస్జిద్‌ల ఉన్న."

స్వప్న తలపట్టుకుని కూర్చుంది. "అమ్మా, టెస్టే తప్పయింది. ముందటిది సాయంతోని నడిసిండు, తర్వాతది సాయం లేకుంట నడిసిండు. రెండూ ఒక్కతీరు వచ్చినయంటే రెండోది నయమన్నట్టే గదా" అంది. కంపెనీలో ఆమె చేసేది ఇదే పని. ముందూ వెనకా ఒకే రకంగా పెట్టి చూడకపోతే ఆ పరీక్ష చెల్లదట. మా గల్లీలో కోర్సు నేర్చుకున్న ఇన్ని వేల మందిలో ఆ చదువు ఇలా అక్కరకొచ్చింది మా ఇంట్లోనే అయ్యుంటుంది.

యూసుఫ్ అన్న ముఖం చూడలేకపోయాను. "నా నోరు పాడుగాను భాభీ, దోస్త్ అని అన్న" అన్నాడు. నేను ఆ బెంచీ మీద కూర్చుని ఆయన అంటుంటే విన్నాను. నాకూ అది మంచి పనిలాగే కనిపించింది. ఫిజియో అమ్మాయి కూడా ముసలాళ్ల ముచ్చట అనుకుని నవ్వింది. పడిపోయేవాడికి చెయ్యి అందించడం తప్పని మనకెవరైనా నేర్పారా?

పరుగెత్తుకుని వెళ్లి డాక్టరుకు చెబితే వెంటనే ఆపరేషన్ అంటాడనుకున్నాం. ఆయన అంతా విని, పాత రిపోర్టు మళ్లీ తీసి చూశాడు.

"చెప్పి మంచి పని చేశారు. కానీ ఇందులో ఇంకో చిక్కుందండి. బయటి నుంచి ఒక మాటో, తాళమో అందిస్తే చక్కగా నడవడం పార్కిన్సన్స్‌లో ఎక్కువ చూస్తాం. ఎన్.పి.హెచ్.లో అది అంతగా సాయపడదు. అదే కనుక ఉంటే షంట్ వల్ల లాభం ఉండదు. ఇప్పుడు నాకు ఒకటి కాదు, రెండు అనుమానాలు."

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వచ్చే దారంతా ఆపరేషన్ తర్వాత ఆయన్ని ఏ గదిలో పడుకోబెట్టాలో మాట్లాడుకున్నాం మేము. ఇప్పుడు ఉన్న జబ్బు అదో కాదో కూడా తెలియదు. తిరిగి వస్తూ స్వప్న ఆటోలో ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు ఏడుపు రాకపోవడం చూసి నాకే భయమేసింది.

పార్కిన్సన్స్ బిళ్లలు కొన్ని వారాలు వేసి చూశారు. ఏమీ మారలేదు. అది ఆశ పెట్టుకోవాల్సిన సంగతని డాక్టరు అన్నాడు. బిళ్ల పనిచెయ్యలేదంటే సంతోషించాల్సిన పరిస్థితి వచ్చింది మాకు. ఈలోగా ఆయన రెండుసార్లు పడిపోయాడు. ఒకసారి కనుబొమ్మ పగిలింది. కర్రీ పాయింట్ మూసేసి ఇంట్లోనే ఉండిపోయాను.

ఆ తర్వాత లంబార్ డ్రెయిన్ పెడదామన్నారు. ఒక్కసారి తీసి చూడడం కాకుండా, నడుములో సన్నటి ట్యూబు పెట్టి కొన్ని రోజులు కొద్దికొద్దిగా నీరు తీస్తారు. ట్యాప్ టెస్టు కంటే దీని మాట ఎక్కువ నమ్మొచ్చట. ఇన్ఫెక్షన్ వస్తే మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, అయ్యే ప్రమాదం మాత్రం ఉందని ముందే చెప్పారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను ఆయన్నే అడిగాను, ఇట్ల చేయిస్తున్నాం, నీకు సమ్మతమేనా అని. చాలాసేపు ఆలోచించి, "డిపోల అడుగు" అన్నాడు. సంతకం నేనే పెట్టాను.

ట్యూబు పెట్టే ముందు మళ్లీ నడిపించాలి. ఈసారి డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎవరూ పిలవకూడదు, చప్పట్లు కొట్టకూడదు, చెయ్యి చాపకూడదు. యూసుఫ్ అన్న తనంతట తానే గేటు బయట చాయ్ బండి దగ్గర ఉండిపోయాడు. మా ఆయనకు తెలిసిన ముఖం ఒక్కటీ కనపడకపోతే గాబరాపడుతున్నాడని నన్ను మాత్రం కొసన కుర్చీలో కూర్చోనిచ్చారు, నోరు మెదపనని మాట తీసుకుని.

ఆయన బయలుదేరాడు. సగం దూరం రాగానే పాదాలు ఆగిపోయాయి. నడుము ముందుకు ఊగుతోంది, కాళ్లు రావడం లేదు. ఫిజియో అమ్మాయి పడకుండా పట్టుకోవడానికి వెనకే ఉంది కానీ ముట్టుకోలేదు. ఆయన కింద చూసుకున్నాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. ఏడాదిగా ఎటు చూస్తున్నాడో తెలియకుండా చూసే మనిషి, అప్పుడు మాత్రం సూటిగా నన్నే చూశాడు. నా నాలుక కొసన ఆ మాట ఉంది. చెయ్యి తనంతట తాను లేవబోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ముఖం గోడ వైపు తిప్పేసుకున్నాను. గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలు వేసి ఉన్నాయి. ఆ బొమ్మల్నే చూస్తూ కూర్చున్నాను. వెనక పాదాలు రాసుకునే చప్పుడు మళ్లీ మొదలయ్యేదాకా ఇటు తిరగలేదు.

నా పెళ్లయ్యాక నేను చేసిన పనుల్లో అంత కష్టమైన పని ఇంకొకటి లేదు.

డ్రెయిన్ పెట్టిన రోజులు ఒక్కొక్కటీ ఒక్కొక్క ఏడాది. ట్యూబు ఎక్కడ పీకేస్తాడోనని ఆయన చెయ్యి నా చేతిలోనే పెట్టుకుని కూర్చునేదాన్ని. నుదురు ముట్టుకుని ముట్టుకుని జ్వరం ఆయనకో నాకో తెలిసేది కాదు. చివరి రోజు నడిపించారు. మళ్లీ అదే వరండా, మాట సాయం లేదు. కాలు లేచింది. పరుగు కాదు, ఠీవీ కాదు, మామూలుగా నేల మీద నుంచి లేచి ముందుకు పడింది. తిరిగే చోట రెండు మూడు అడుగుల్లో తిరిగాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

సర్జన్ మాత్రం నవ్వలేదు. "ఇది ఆశ మాత్రమే, గ్యారంటీ కాదు. నడక బాగుపడుతుందనే అనుకుంటున్నాను. మూత్రం సంగతి కొంత మేరకు. మతిమరుపు ఎంత తిరిగొస్తుందో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు."

నాకు కావాల్సింది ఆ మూడోదే. నడక లేకపోతే కుర్చీలో కూర్చోబెడతాను, బట్టలు నేను ఉతుకుతాను. ఇంట్లో మనిషి ఉండీ లేనట్టుంటే నేనేం చేసుకోను? అయినా రెండు దొరికేచోట మూడోది లేదని వదులుకుంటామా. సరేనన్నాను.

గుండు చేసి తీసుకెళ్లారు. షంట్ వేశారు. మొదటి వారాలు చెప్పినట్టే నడిచాడు, లుంగీలు పొడిగా ఉన్నాయి. నెల తిరక్కముందే లేచి కూర్చుంటే తలనొప్పి మొదలైంది. కూర్చున్నచోటే నిద్ర. అంతా అయిపోయిందనుకున్నాను. సి.టి.లో మెదడు పైన పలచగా రక్తం చేరిందని తేలింది. గొట్టం ఎక్కువ నీరు లాగేస్తోందట. మళ్లీ తల తెరవాలా అని నేను అడుగుతుంటే, డాక్టరు చెవి వెనక ఒక పరికరం ఆనించి నీరు ఎంత పోవాలో చూసే లోపలి వాల్వ్‌ను బయటి నుంచే బిగించాడు. అలాంటి వాల్వ్ వేశారు కాబట్టి బతికిపోయాం. ఆ రక్తం దానంతట అది కరిగిపోవడానికి చాలా వారాలు పట్టింది. ప్రతి సి.టి.కి ముందు రోజు నాకు అన్నం దిగేది కాదు.

ఇదంతా జరిగి ఇప్పటికి కొన్నేళ్లయింది. కర్రీ పాయింట్ మళ్లీ తెరిచాం. ఆయన చెయ్యి కర్ర మీద, కాలు నేల మీద, మజీదు సందు దాకా వెళ్లి వస్తాడు. దూరం వెళ్లేటప్పుడు మాత్రం డైపర్ వేసుకుంటాడు, దానికి సిగ్గుపడడం మానేశాం. మతి సగం వచ్చింది. కొత్త సంగతులు నిలవవు. లెక్క ఆయనకు అప్పగించను. జబ్బు ముదిరిన ఆ ఏడాది మొత్తం ఆయనకు గుర్తు లేదు. ఎమ్మారై తెలియదు, గుండు చేయించుకున్నది తెలియదు, యూసుఫ్ అన్న చెప్పుకుని చెప్పుకుని బాధపడే ఆ శుక్రవారం అసలే తెలియదు. "నేనెప్పుడు పోయిన హాస్పిటల్‌కు?" అంటాడు.

నేను అలాగే నమ్మాను, మొన్నమొన్నటి దాకా. ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాం. ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ వరండల నేను ఆగిపోయి నీ దిక్కు చూస్తే, నువ్వు మొఖం ఎందుకు తిప్పుకున్నవ్?"

చేతిలో రెబ్బ పక్కన పెట్టాను. మొదటి నుంచీ చెప్పాను. టెస్టు సంగతి, సాయం చెయ్యొద్దన్న సంగతి, కొంగు నోట్లో కుక్కుకున్న సంగతి. ఓపిగ్గా విన్నాడు.

"గట్లనా" అన్నాడు. ఇంకో రెబ్బ ఒలిచి, "తిప్పుకునే ముందు ఒక మాట చెప్తే అయిపోతుండె. నీకు నా మీద ఇసుగొచ్చింది, ఇగ ఇడిసిపెట్టినవనుకున్న."

ఇలాంటి పరీక్షకు మీ మనిషిని తీసుకెళ్తున్న వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో మీరు అందించే చెయ్యి, అనే మాట, పట్టుకోమనే గోడ, అన్నీ ముందే డాక్టరుకు చెప్పండి. ఆ పూట అవేవీ ఇవ్వకండి. కానీ ఎందుకు ఇవ్వడం లేదో మీ మనిషికి దగ్గర కూర్చుని చెప్పండి. వాళ్లకేం అర్థమవుతుందిలే అనుకోకండి. నేను అలాగే అనుకుని చెప్పలేదు. నేను ఆయన్ని వదిలేశాననుకుంటూనే ఆయన ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లాడు.